ఎండ్ టాస్క్ కొట్టగానే బ్లూ స్క్రీన్ వస్తోందా? ఫార్మాట్‌కు ముందు ఇవి చూడండి

ఒంగోలు, కావలి నెట్ సెంటర్లలో గానీ, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో గానీ సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అయితే ముందు వినపడే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". తొందరపడకండి. ప్రాసెస్‌లను ఆపే టూల్స్ వల్ల వచ్చే క్రాష్‌కు చాలావరకు ఫార్మాట్ అక్కర్లేదు. బ్యాకప్ లేని ట్యాలీ డేటా పోతే మాత్రం మళ్లీ రాదు.

అసలది క్రాషా, కరెంటు దెబ్బా? ముందు అది తేల్చుకోవాలి. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, కెర్నెల్-పవర్ 41 (సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని చెప్పే నమోదు) వెతకండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ 0 ఉంటే కరెంటు పోవడం, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) లోపం, లేదా సిస్టమ్ బిగుసుకుపోయి పవర్ బటన్ నొక్కి ఆపడం కారణం కావచ్చు. 239 ఉంటే అది "క్రిటికల్ ప్రాసెస్ డైడ్". విండోస్ నడవడానికి తప్పనిసరైన ప్రాసెస్ ఏదో ఆగిపోయిందన్నమాట.

ఎండ్ టాస్క్ కొట్టిన వెంటనే వచ్చిందంటే కారణం చేతిలోనే ఉంది. విన్‌ఇనిట్, సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ లాంటి విండోస్ కీలక ప్రాసెస్‌లను ఆపకూడదు. టాస్క్ మేనేజర్ హెచ్చరిస్తుంది, బయటి టూల్స్ అన్నీ హెచ్చరించవు. విండోస్ సర్వీసులను నడిపే ఎస్‌వీసీహోస్ట్‌తో ఇంకా జాగ్రత్త. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లలో ఒక్కో ఎస్‌వీసీహోస్ట్‌లో చాలా సర్వీసులు కలిసి నడుస్తాయి. 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉంటే, విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి వాటిలో ఎక్కువ భాగాన్ని విడదీశారు. అది సీపీయూని తినేస్తుంటే డీటెయిల్స్ ట్యాబ్‌లో రైట్ క్లిక్ చేసి "గో టు సర్వీసెస్" నొక్కండి. ఏ సర్వీసో తెలుస్తుంది. అది విండోస్ అప్‌డేట్ అయితే ఆ ఒక్కదాన్నే స్టాప్ చేయండి.

లాగిన్ అయిన నిమిషంలోపే ప్రతిసారీ క్రాష్ అవుతోందా? ర్యామ్ ఖాళీ చేస్తుందని ఎవరో పెట్టిన బ్యాచ్ ఫైలు మీద అనుమానపడండి. అందులో ఎస్‌వీసీహోస్ట్ మీద "టాస్క్‌కిల్" (ప్రాసెస్‌ను ఆపే కమాండ్) ఉంటే అంతే సంగతులు. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోండి. సేఫ్ మోడ్‌లో స్టార్టప్ ఫోల్డర్‌లోని ఫైళ్లు నడవవు కాబట్టి నింపాదిగా తీసేయవచ్చు. ఆ ఫైలు టాస్క్ షెడ్యూలర్‌లో కూడా పెట్టి ఉందేమో చూడండి.

కోడ్ వేరేదై, టూల్ తెరిచినప్పుడే పడిపోతుంటే దాని డ్రైవర్ పాతబడి ఉండొచ్చు. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌ను (క్రాష్ వివరాలు దాచే ఫైలు) మైక్రోసాఫ్ట్ డీబగ్గింగ్ టూల్ విన్‌డీబీజీలో తెరిచి "అనలైజ్" ఇస్తే తరచుగా ఆ డ్రైవర్ పేరు కనపడుతుంది. టూల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్త వెర్షన్ వేయండి. పాతది నడవాలని కోర్ ఐసోలేషన్‌లో మెమరీ ఇంటిగ్రిటీని ఆపడం మాత్రం వద్దు. సిస్టమ్‌కున్న ఒక ముఖ్యమైన రక్షణ పోతుంది.

టాస్క్ మేనేజర్‌లో ఏదైనా ప్రాసెస్ ప్రయారిటీని రియల్‌టైమ్‌లో పెడితే మౌస్, కీబోర్డు బిగుసుకుపోవచ్చు. రీస్టార్ట్‌తో పోతుంది. ప్రయారిటీని "హై" కంటే పైకి పెట్టకండి.

ఎవరూ ఏదీ ఆపకుండానే 239 వస్తుంటే డేటా కాపీ చేసుకుని, ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ (విండోస్ ఫైళ్లను సరిచూసి బాగుచేసే కమాండ్) నడిపి, హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూపించండి.