తెరచాప పడవ పాఠాలు, 5వ భాగం: ‘ఎక్కడున్నాం?’

ఈసారి తుపానులో తెరచాప తగ్గించడం గురించి రాయాలి. కానీ పోయినసారి అభ్యాసంగా మీరు రాసి పంపిన మేడే పిలుపులు (ప్రాణాపాయంలో రేడియోలో సాయం కోరే పిలుపులు) చూశాక దాన్ని పక్కన పెట్టాను. మేడే మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, ఆపద పిలుపులకు వాడే రేడియో ఛానల్ 16, అన్నీ బాగున్నాయి. చోటు చెప్పడంలోనే చాలామంది తప్పారు.

మీకిచ్చిన చోటు: ఉత్తరం 17 డిగ్రీల 30 నిమిషాలు, తూర్పు 83 డిగ్రీల 20 నిమిషాలు. విశాఖకు దక్షిణాన, నడిసముద్రం. మీలో చాలామంది ‘17.30 డిగ్రీలు’ అని రాశారు. డిగ్రీకి 60 నిమిషాలు. కాబట్టి 17.30 డిగ్రీలంటే 17 డిగ్రీల 18 నిమిషాలే. 12 నిమిషాల తేడా. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. మీరు నీళ్లలో ఎదురుచూస్తుంటారు, రక్షించడానికి వచ్చిన ఓడ 22 కిలోమీటర్ల అవతల వెతుకుతుంటుంది. అలల మధ్య మనిషి తల అరమైలు దూరంలో కూడా కనబడదు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను. జీపీఎస్‌ను డిగ్రీలు, నిమిషాలు చూపేలా ముందే సెట్ చేసి పెట్టండి. దశాంశ డిగ్రీలు నా పడవలో ఉండనివ్వను.

2018 సెప్టెంబర్ 21న ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ తుపానుకు పల్టీ కొట్టింది, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) విరిగింది. వెన్నుకు దెబ్బ తగిలి ఆయన లేవలేకపోయారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరం. పడవలో ట్రాకర్ (చోటును ఎప్పటికప్పుడు పంపే పరికరం) ఉంది కాబట్టి ఎక్కడున్నారో తెలిసింది. మన నౌకాదళ విమానం పడవను చూసింది. 24న ఫ్రెంచి ఓడ ఒసిరిస్ ఆయన్ను చేరింది. చోటు తెలిసినా మూడు రోజులు పట్టింది.

అంకెలు విడివిడిగా పలకండి: ‘వన్ సెవెన్ డిగ్రీస్, త్రీ జీరో మినిట్స్, నార్త్’. గాలి హోరులో థర్టీన్, థర్టీ ఒకేలా వినిపిస్తాయి.

తీరం దగ్గరైతే నాకు గుర్తుతో చెప్పడమే ఇష్టం: విశాఖలోనైతే ‘డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ నుంచి తూర్పుకు 6 నాటికల్ మైళ్లు’. దిక్కు లైట్‌హౌస్ నుంచి మీవైపుకే లెక్కించాలి.

అభ్యాసం: రేడియో ఆపేసి, చీకటి గదిలో, తడి చేతులతో చిన్న టార్చి పట్టుకుని జీపీఎస్ చూసి పూర్తి పిలుపు ఒక్క నిమిషంలో చదవండి. పక్క గదిలో ఒకరు విని రాసుకోవాలి. వాళ్లు రాసినదాన్ని మ్యాప్‌లో పెట్టి చూడండి. వరుసగా పదిసార్లు సరిపోవాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి.