వెలుతురు కెమిస్ట్రీ, 4వ పాఠం: ఎలక్ట్రాన్ల జమాఖర్చు రాద్దాం

టైటానియం డయాక్సైడ్ పొడి మీద కాంతి వేసి రియాక్షన్లు నడపడం మన విషయం. పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క ముందు తేల్చేద్దాం. 405 నానోమీటర్ల వయొలెట్ ఎల్‌ఈడీ వేస్తే అనటేజ్ రకం టైటానియం డయాక్సైడ్ పనిచేస్తుందా అని అడిగా కదా, 1240ని నానోమీటర్లతో, అంటే 405తో భాగిస్తే ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) శక్తి 3.06 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది, అనటేజ్‌లో ఎలక్ట్రాన్‌ని పైకి లేపడానికి కావాల్సింది 3.2, కాబట్టి చాలదు. ఇంకో రకమైన రూటైల్‌కి 3.0 చాలు కాబట్టి దానికి సరిపోద్ది, కాకపోతే మరీ అంచు మీద ఉంది. మనం 365 నానోమీటర్ల యూవీ ల్యాంపే వాడదాం (యూవీ కళ్ళద్దాలు లేకుండా దాని వైపు చూడొద్దు, సరదా కాదు).

ఇవాళ నేర్చుకునేది ఒకటే, రియాక్షన్‌ని ఖాతా పుస్తకంలా రెండు వైపులా రాయడం. పేజీ మధ్యలో గీత గీయండి, ఎడమ పక్క హోల్ (ఎలక్ట్రాన్ పైకి లేచాక మిగిలే ఖాళీ, అది పక్కవాళ్ళ ఎలక్ట్రాన్‌ని లాక్కుంటుంది), కుడి పక్క ఆ లేచిన ఎలక్ట్రాన్. కాంతి పడ్డప్పుడు ఈ రెండూ జంటగానే పుడతాయి, కాబట్టి ఒక పక్క ఖర్చయి ఇంకో పక్క ఖర్చవకపోతే పుస్తకం తేలదు, రియాక్షన్ కూడా నడవదు.

ఉదాహరణకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకుందాం, శానిటైజర్లలో వాడేదే. ఎడమ పక్క: నీళ్ళలో ఉన్న పొడి గింజ మీద హోల్ నేరుగా ఆల్కహాల్‌ని పట్టుకోవచ్చు, లేదా ముందు నీళ్ళ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ (రాడికల్ అంటే జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క) తయారుచేసి దానితో కొట్టించొచ్చు. ఏ దారిలో వచ్చినా సాధారణంగా ముందు ఊడేది ఓహెచ్ ఉన్న కార్బన్ మీది హైడ్రోజనే, ఎందుకంటే పక్కనున్న ఆక్సిజన్ వల్ల అక్కడి బంధం బలహీనం. మిగిలింది ఒక రాడికల్. అంటే ఒక ఎలక్ట్రాన్ లెక్క అయింది, ఇంకోటి పోతే అసిటోన్.

ఆ రెండో ఎలక్ట్రాన్ కోసం ఇంకో హోల్ రావాలి అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నా, కానీ ఈ రాడికల్‌కి ఎలక్ట్రాన్ వదిలించుకోవాలన్న తొందర ఎంతంటే అది తిన్నగా టైటానియం డయాక్సైడ్ కండక్షన్ బ్యాండ్‌లోకే (లేచిన ఎలక్ట్రాన్లు ఉండే మెట్టులోకే) తోసేస్తుంది. ఒక ఫోటాన్‌కి రెండు ఎలక్ట్రాన్లు అన్నమాట. ఎలక్ట్రోడ్‌గా పెట్టి కొలిస్తే కరెంటు రెట్టింపు దాకా వెళ్తుంది, దాన్నే కరెంట్ డబ్లింగ్ అంటారు. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే మాత్రం రాడికల్‌ని ముందే అది ఎగరేసుకుపోవచ్చు, అప్పుడూ వచ్చేది అసిటోనే.

ఇప్పుడు కుడి పక్క, అందరూ ఖాళీగా వదిలేసేది ఇదే. రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు మిగిలాయి, వాటిని తీసుకునేది నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. మొత్తం కలిపితే ఒక ఆల్కహాల్‌కి ఒక ఆక్సిజన్. మరి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుంది? గాలి తగిలే నీళ్ళలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి దాదాపు 8 మిల్లీగ్రాములు, అంటే 0.26 మిల్లీమోల్. మీరు వేసిన ఆల్కహాల్ లీటరుకి 10 మిల్లీమోల్ అయితే ఆక్సిజన్ దానికంటే దాదాపు 38 రెట్లు తక్కువ!

నేను మొదటిసారి చేసినప్పుడు ఆల్కహాల్ ఆవిరైపోద్దని సీసా అంచు దాకా నింపి మూత బిగించేశా, కాసేపు అసిటోన్ బాగానే వచ్చింది, తర్వాత ఆగిపోయింది, ల్యాంప్ పోయిందని ల్యాంప్ మార్చా, పొడి పాడైందని పొడి మార్చా, ఈలోపు పాలలా ఉన్న నీళ్ళు లేత నీలంగా తిరిగితే ఏదో మురికి పడిందనుకుని పారబోశా కూడా. ఇంకోసారి చిరాకొచ్చి మూత తీసి గిలక్కొడితే నీలం మాయమైపోయి మళ్ళీ తెల్లగా అయింది. ఆ నీలమే ఖర్చుకాని ఎలక్ట్రాన్లు, తీసుకునేవాళ్ళు లేక టైటానియం అయాన్ల మీదే కూర్చుండిపోయాయి, గాలి తగలగానే ఆక్సిజన్ పట్టుకుపోయింది. అందుకే అక్వేరియం పంపుతో అయినా సరే గాలి బుడగలు వదలాలి. గాలితో పాటు కొంత ఆల్కహాల్ కూడా ఎగిరిపోద్ది కాబట్టి ల్యాంప్ లేకుండా అంతే సేపు బుడగలు వదిలిన ఇంకో సీసా పక్కన ఉండాలి, లేకపోతే ఎగిరిపోయినదాన్ని కూడా రియాక్షన్ ఖాతాలో రాసేస్తాం.

ఇంకో మాట, నీళ్ళలో ఇది అసిటోన్ దగ్గర బుద్ధిగా ఆగదు, నెమ్మదిగా దాన్నీ తింటుంది. ఆల్డిహైడ్లు ఇచ్చే ఆల్కహాల్స్ అయితే ఇంకా కష్టం, అవి ఆసిడ్ దాకా పోతాయి. దాన్ని ఎలా ఆపాలో 5వ పాఠంలో.

ఈసారి లెక్క: మిథనాల్ ముందు ఫార్మాల్డిహైడ్, తర్వాత ఫార్మిక్ ఆసిడ్, చివరికి కార్బన్ డయాక్సైడ్ (కల్తీ సారా తాగినవాళ్ళ లివర్‌లోనూ ఇదే వరస, కళ్ళు పోయేది ఆ ఫార్మిక్ ఆసిడ్ వల్లే). ప్రతి మెట్టుకి ఎన్ని ఎలక్ట్రాన్లో ఎడమ పక్క రాయండి, కుడి పక్క ఆక్సిజన్ పెరాక్సైడ్ దగ్గర ఆగితే ఎంత కావాలి, నీళ్ళ దాకా వెళ్తే ఎంత కావాలి, రెండూ రాయండి.