ఫోను పట్టుకుంటే చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందా? ఇలా చేయండి

కర్నూలు ఉల్లి మార్కెట్లో మండీల వాళ్లను గమనించండి. మోచెయ్యి బల్లకు ఆనించి, ఫోను చెవికి పెట్టుకుని ధరల గురించి మాట్లాడుతూనే ఉంటారు. ఫోను పెట్టేశాక చెయ్యి విదిలించుకుంటారు. రక్తం ఆడలేదని అనుకుంటారుగానీ చాలాసార్లు అది నరం బాధ.

మోచెయ్యి గోడకు తగిలితే జివ్వుమంటుంది కదా, చిటికెన వేలికి స్పర్శనిచ్చే అల్నార్ నరం ఉండేది అక్కడే. ఎముక వెనక సన్నని దారిలో, చర్మం కిందే పోతుంది. చెయ్యి బాగా మడిస్తే నరం సాగుతుంది, దారీ ఇరుకవుతుంది. రోజూ గంటలకొద్దీ అలాగే ఉంచితే నరం దెబ్బతింటుంది.

ముందు ఏ వేళ్లో చూసుకోండి. చిటికెన వేలు, ఉంగరపు వేలులో దాని వైపు సగం అయితే మోచేతిని అనుమానించాలి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లయితే సమస్య మణికట్టు దగ్గర ఉండొచ్చు. మెడ నరం నొక్కుకున్నా తిమ్మిరి వస్తుంది.

తర్వాత ఫోను చెవి నుంచి దించండి. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదంటే స్పీకర్లో మాట్లాడండి. వీడియోలు చూడాలంటే ఫోను స్టాండుకు పెట్టండి. కడప బండల అరుగు మీద, బస్సు కిటికీ అంచున మోచెయ్యి ఆనించొద్దు.

అందరూ మరిచిపోయేది రాత్రి సంగతి. నిద్రలో చెయ్యి మడిచి తల కింద పెట్టుకుంటే పగలంతా పడిన జాగ్రత్త వృథా. పడుకునే ముందు తువ్వాలును మోచేతి చుట్టూ వదులుగా చుట్టి, జారకుండా టేపు వేయండి. చెయ్యి పూర్తిగా మడవలేకపోతే చాలు, బిగించకూడదు. కొన్ని వారాలు ఓపికగా చేయండి. తిమ్మిరి అప్పుడప్పుడే వచ్చేవాళ్లకు చాలావరకు దీనితోనే తగ్గుతుంది. నొప్పి ఉన్నచోట గట్టిగా మాలిష్ చేయించడం మాత్రం వద్దు.

తిమ్మిరి వదలకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ గుంటపడినా ఆలస్యం చేయొద్దు. కండ ఒకసారి తగ్గిందంటే తిరిగి రావడం కష్టం. విటమిన్ మాత్రలు మింగుతూ నెలలు గడపకుండా కర్నూలు పెద్దాసుపత్రికో, దగ్గర్లోని ఎముకల డాక్టరు లేదా నరాల డాక్టరు దగ్గరికో వెళ్లండి. నరం ఎంత దెబ్బతిందో, దానిలోకి సన్నగా కరెంటు పంపి చేసే పరీక్షలో తెలుస్తుంది. అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. షుగరు ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే తప్పకుండా చూపించండి. కుష్ఠు కూడా ఇదే నరాన్ని పట్టుకుంటుంది, దానికి ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం.