డీజిల్ కారు ఈజీఆర్ థ్రాటిల్ విప్పే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

స్కానర్‌లో పీ0401 అనే ఫాల్ట్ కోడ్ కనిపించగానే ఈజీఆర్ వాల్వు (ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపేది) మార్చేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. కొత్త వాల్వు బిగించిన కొద్దిరోజులకే అదే కోడ్ మళ్లీ పడుతుంది. ఆ కోడ్ చెప్పేదల్లా వెనక్కి తిరగాల్సినంత పొగ తిరగడం లేదని. కారణం మనమే వెతుక్కోవాలి. వాల్వు తెరుచుకోకపోయినా, దారి మసితో పూడిపోయినా, గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ తప్పు లెక్క చూపినా ఇదే కోడ్ వస్తుంది. ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) దగ్గరున్న థ్రాటిల్ ఫ్లాప్ అనే మూత కదలకపోయినా వస్తుంది. ఈజీఆర్ థ్రాటిల్ అంటే ఇదే. ఎక్కువమంది వదిలేసేది ఈ ఫ్లాప్‌నే.

పెట్రోలు ఇంజిన్లో థ్రాటిల్ పవర్‌ని అదుపు చేస్తుంది. డీజిల్లో ఆ పని ఇంధనం మోతాదుతో జరుగుతుంది కాబట్టి ఇక్కడి ఫ్లాప్ పనులు వేరు. కొంచెం మూసుకుని ఇన్‌టేక్‌లో ప్రెషర్ తగ్గిస్తుంది, దాంతో పొగ లోపలికి వస్తుంది. డీపీఎఫ్ రీజనరేషన్ (పొగ ఫిల్టర్‌లో చేరిన మసిని కాల్చేయడం) సమయంలో గాలి తగ్గించి పొగ వేడి పెంచుతుంది. ఇంజిన్ ఆపినప్పుడు పూర్తిగా మూసుకుని కుదుపు లేకుండా ఆగేలా చేస్తుంది. సాధారణంగా కరెంటు లేనప్పుడు స్ప్రింగు ఈ ఫ్లాప్‌ని తెరిచి ఉంచుతుంది, ఈజీఆర్ వాల్వునేమో మూసి ఉంచుతుంది.

అందుకే ఫ్లాప్ తెరుచుకుని ఇరుక్కుంటే బండి మామూలుగానే పరుగెత్తుతుంది. ఆపినప్పుడు మాత్రం ఇంజిన్ ఒక్కసారి ఊగి ఆగుతుంది, రీజనరేషన్ సరిగా పూర్తికాదు. మూసుకుని ఇరుక్కుంటే స్టార్టింగ్ కష్టమై పికప్ పోతుంది, నల్లపొగ వస్తుంది. నల్లపొగతో పాటు ఐడిల్ అదురుతుంటే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. తెల్లపొగ వస్తూ కూలెంట్ తగ్గుతుంటే మాత్రం థ్రాటిల్ సంగతి పక్కన పెట్టి ముందు ఈజీఆర్ కూలర్ (వెనక్కి వచ్చే పొగని కూలెంట్‌తో చల్లబరిచేది) చూడండి. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు కొన్ని తగలబడినప్పుడు కంపెనీ చెప్పిన కారణం ఈ కూలర్ లీకే.

స్పానర్ పట్టుకోకముందే రీడింగ్ తీయండి. కోడ్లను, వాటితో పాటు సేవ్ అయిన ఫ్రీజ్ ఫ్రేమ్‌ని (కోడ్ పడిన క్షణంలోని రీడింగులు) రాసుకోండి, చెరిపేయొద్దు. వేడెక్కిన ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచి స్కానర్‌తో ఈజీఆర్ వాల్వు తెరిపించి ఎంఏఎఫ్ చూడండి. పొగ వచ్చి ఆక్రమించిన మేర బయటి గాలి తగ్గాలి, అంకె స్పష్టంగా దిగాలి. వాల్వు పొజిషన్ మారుతున్నా గాలి అంకె కదలకపోతే, ఇంజిన్ కూడా అదరకపోతే దారి పూడిపోయినట్టే. అంకె కదలకుండా ఇంజిన్ మాత్రం అదురుతుంటే పొగ వస్తోంది, అనుమానం ఎంఏఎఫ్ మీదికి మళ్లాలి. ఎంఏఎఫ్‌కీ ఇంజిన్‌కీ మధ్య పైపు ఎక్కడైనా చీలినా ఈ లెక్కంతా తప్పుతుంది, కాబట్టి క్లాంపులు, ఇంటర్‌కూలర్ పైపులు ముందే తడిమి చూడండి. తర్వాత థ్రాటిల్‌ని నడిపించి, అడిగిన శాతం, వచ్చిన శాతం పక్కపక్కన పెట్టి గమనించండి. మధ్యలో ఒకచోట ఆగి ఆగి కదులుతుంటే మసి. అసలు కదలకపోతే వైరింగ్, మోటారు, గేర్లు.

వైరింగ్ చూసేటప్పుడు ఇగ్నిషన్ ఆఫ్ చేశాకే కనెక్టర్ తీయండి. మోటారుతో నడిచే రకాల్లో సాధారణంగా 5 పిన్నులుంటాయి. రెండు మోటారువి, మిగతావి 5 వోల్టుల సప్లై, గ్రౌండ్, సిగ్నల్. ఏది ఏదన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, ఊహించకుండా వైరింగ్ డయాగ్రామ్ చూడండి. మల్టీమీటర్ మొనను కనెక్టర్ ముందువైపు నుంచి గుచ్చితే టెర్మినల్ వెడల్పై లూజవుతుంది, లేని జబ్బు మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. సన్నటి పిన్నుతో వెనకవైపు నుంచి కొలవండి. చాలా రకాల్లో ఫ్లాప్ కదులుతున్నంతసేపూ సిగ్నల్ 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య నున్నగా మారుతుంది. 5 వోల్టులే రాకపోతే ఈసీయూని (ఇంజిన్ కంప్యూటర్‌ని) తిట్టుకునే ముందు అదే లైన్లో ఉన్న మిగతా సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూడండి. ఒక్క సెన్సర్ షార్టయినా లైనంతటినీ లాగేస్తుంది. మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులివ్వొద్దు. ఫ్లాప్ చివరికెళ్లి గుద్దుకుని ప్లాస్టిక్ గేర్ల పళ్లు విరుగుతాయి.

విప్పాల్సి వస్తే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కొన్ని మోడళ్లలో ఈజీఆర్‌కి కూలెంట్ పైపులు కూడా ఉంటాయి. ఇగ్నిషన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి బ్యాటరీ మైనస్ తీయండి. యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం) ఉన్న బండిలో పంపు తన లైన్లు ఖాళీ చేసుకునేదాకా ఆగడం తప్పనిసరి. కనెక్టర్ పెట్టి, కరెంటు ఉన్నప్పుడు ఫ్లాప్ దగ్గర వేలు పెట్టొద్దు. ఇగ్నిషన్ ఆఫ్ చేసిన క్షణంలో కూడా అది మూసుకోవచ్చు, వేలు నలిగిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఇంజిన్ నడుస్తుండగా ఇన్‌టేక్‌లోకి క్లీనర్ స్ప్రే కొట్టడం. డీజిల్ ఇంజిన్‌కి స్పార్కు అక్కర్లేదు, మండే పదార్థం ఏది లోపలికెళ్లినా అదే ఇంధనం. ఆర్పీఎం అదుపు తప్పితే తాళం తిప్పేసినా ఆగదు. ద్రవం సిలిండర్లో నిలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే థ్రాటిల్ బాడీని బయటికి తీసే శుభ్రం చేయాలి. థ్రాటిల్ తీసిన చోట మానిఫోల్డ్ నోట్లో గుడ్డ కుక్కండి, ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క పెట్టుకోండి. మోటారు వైపు పైకి ఉండేలా పట్టుకుని, క్లీనర్‌ని నేరుగా కొట్టకుండా నైలాన్ బ్రష్‌కి పట్టించి రుద్దండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే ఫ్లాప్ అంచు, లోపలి గోడ గీతలు పడతాయి. బిగుసుకున్న ఫ్లాప్‌ని చేత్తో బలంగా తిప్పొద్దు, మసి నానేదాకా ఆగండి. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. ఆ మసిని పీల్చడం మంచిది కాదు.

పాత గ్యాస్కెట్ మళ్లీ వాడకండి. బోల్టులు ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌తోనే బిగించండి. అల్యూమినియంలో మరలు తేలిగ్గా చెడిపోతాయి. బిగించాక స్కానర్‌తో అడాప్టేషన్ (ఫ్లాప్ తెరుచుకునే, మూసుకునే హద్దులు ఈసీయూకి మళ్లీ నేర్పడం) చేయించాలి. కొన్ని బండ్లు ఇగ్నిషన్ ఆన్ చేయగానే తామే నేర్చుకుంటాయి, చాలావాటికి మనమే చేయాలి. చేయకపోతే పాత స్టాప్ పొజిషన్ లెక్కలోనే ఉండిపోయి ఫాల్ట్ కోడ్ మళ్లీ పడొచ్చు.

గీకిన మసిని పారేసే ముందు వేళ్ల మధ్య నలిపి చూడండి, గ్లవ్స్‌తోనే. పొడిపొడిగా రాలితే ఇంజెక్టర్లు, తక్కువ దూరాల తిరుగుడు అనుమానించాలి. జిగటగా, నూనె అంటుకున్నట్టుంటే టర్బో సీలు, క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే దారి) చూడాలి. అక్కడ నూనె ఆగకపోతే శుభ్రం చేసిన ఫ్లాప్ మళ్లీ బిగుసుకుంటుంది.