గుర్రానికి దెబ్బ తగిలి వాచిందా? కోసే ముందు ఇవి చూడండి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు గుర్రాలు పెట్టుకున్నవాళ్లలో చాలామంది బరాత్‌లకు తిప్పేవాళ్లే. డీజే మోతకు, పటాకులకు గుర్రం బెదిరి ట్రాలీకో గేటుకో గుద్దుకోవడం, ఇరుకు కొట్టంలో పక్క గుర్రం తన్నడం పెళ్లిళ్ల సీజన్లో మామూలే. తెల్లారి చూస్తే రొమ్ము మీదో తొడ మీదో ఇంత వాపు. "కోస్తే అయిపోతది అన్నా" అనే మనిషి కూడా పక్కనే తయారుగా ఉంటాడు. ఆయన మాట వినకండి, ఎందుకో కింద చెప్తాను. ముందు ఆ వాపు ఎప్పుడు వచ్చింది, ఎంత తొందరగా పెరిగింది అనేది గుర్తు తెచ్చుకోండి, ఎందుకంటే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే వాచింది, ముట్టుకుంటే నీళ్ల సంచిలా మెత్తగా ఉంది

చర్మం తెగకుండా లోపల నరం (నెత్తురు పారే నాళం) చిట్లి, నెత్తురు చర్మం కింద చేరింది. డాక్టర్లు హెమటోమా అనేది దీన్నే. కొంచెం వేడిగా ఉంటుంది, నొక్కితే గుర్రం కాస్త పక్కకు జరుగుతుంది, కానీ మేత మామూలుగా తింటుంది, జ్వరం ఉండదు.

మొదటి రెండు రోజులు చేయాల్సింది చల్లదనం, విశ్రాంతి, అంతే. పైపుతో చన్నీళ్లు వాపు మీద మెల్లగా పారేలా పదిహేను ఇరవై నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పట్టండి. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి, అవి పట్టారంటే నరాలు ఇంకా తెరుచుకుని వాపు పెరుగుతుంది. అప్పుడే బోరు వేసి నేరుగా పట్టండి, లేకపోతే ఐసు ముక్కలు తువ్వాలలో చుట్టి పెట్టండి. ఐసును ఒట్టిగా చర్మానికి ఆనించకూడదు.

ఈ రెండు రోజులు మాలిష్ వద్దు, నూనె వద్దు, కాపడం అసలే వద్దు. రుద్దితే అప్పుడప్పుడే మూసుకుంటున్న నరం మళ్లీ తెరుచుకుంటుంది. సున్నం పసుపు కలిపి పట్టు వేయడం, చురకలు పెట్టడం మన ఊళ్లల్లో ఇంకా ఉంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, చురక కొత్త పుండు చేస్తుంది, లోపలి నెత్తురుకు ఆ రెండింటితో ఏ సంబంధమూ లేదు.

రోజూ ఒకే చోట నిలబడి, ఒకే దూరం నుంచి వాపును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కంటి అంచనా రోజుకో తీరుగా ఉంటుంది, డాక్టరుకు చూపించడానికీ ఆ ఫొటోలే పనికొస్తాయి.

మరి కోస్తే ఏమవుతుంది?

లోపల చేరిన నెత్తురే చిట్లిన నరాన్ని ఒత్తి పట్టుకుని, ఇంకా కారకుండా ఆపుతుంటుంది. మీరు బ్లేడు పెట్టగానే ఆ ఒత్తిడి పోతుంది, నరం మళ్లీ కారడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా బయటి గాలి తగలని నెత్తురు, పేడ, ఈగలు ఉన్న కొట్టంలో తెరుచుకుంటుంది. సూక్ష్మక్రిములకు నెత్తురుకు మించిన మేత ఏముంటుంది? వారం తిరిగేసరికి చీము పడుతుంది. సిరంజితో లాగడం కూడా ఇదే లెక్క, సూది వెంట క్రిములు పోతాయి, ఒకటి రెండు రోజుల్లో సంచి మళ్లీ నిండుతుంది.

వాపు మరీ పెద్దదైతే తెరవాల్సిన పరిస్థితి రావచ్చు. అప్పుడు కూడా డాక్టర్లు సాధారణంగా వారం పది రోజులు ఆగి, నరం మూసుకుని గడ్డ కట్టాకే, వాపులో అన్నింటికంటే కింది భాగంలో గాటు పెట్టి, గడ్డలు తీసి కడుగుతారు. మిగిలింది కారిపోవడానికి ఆ గాటును తెరిచే ఉంచుతారు. మనవాళ్లు అది చూసి "కుట్లేయకుండా వదిలేసిండు" అని గొడవ పెట్టుకుంటారు, కుట్లు వేస్తే చీము బయటికి పోక లోపలే నిలిచిపోతుందని అర్థం చేసుకోరు.

వాపు గంటగంటకూ పెరుగుతోంది

నరం ఇంకా కారుతోంది. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నాడి దవడ ఎముక కింద వేళ్లు పెడితే తెలుస్తుంది, నిలకడగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య కొట్టుకుంటుంది. చిగుళ్లు తెల్లబడి, నాడి అరవై దాటి, చెమట పట్టి గుర్రం నీరసంగా నిలబడిందంటే ఆలస్యం చేయకండి. గుర్రం బరువులో ఎనిమిది శాతం దాకా నెత్తురే ఉంటుంది, అంటే 350 కిలోల గుర్రంలో దాదాపు 28 లీటర్లు, అందులో లీటర్ల కొద్దీ బయటికి ఒక్క చుక్క కనబడకుండానే తొడ కండల్లో దాక్కోగలదు. కదలనివ్వకుండా నీడలో నిలబెట్టి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువుల డాక్టరును పిలవండి. ఆయన చెప్పకుండా ట్రాలీ ఎక్కించొద్దు. వాపు కాలికైతే మందంగా దూది చుట్టి సమానంగా కట్టు కట్టొచ్చు, రొమ్ముకు తొడకు అది కుదరదు.

వాపు చిన్నదే కానీ కాలు కింద పెట్టట్లేదు

హెమటోమాతో గుర్రం కాస్త కుంటితే కుంటవచ్చు, కాలు పూర్తిగా ఎత్తి పట్టుకుందంటే మాత్రం ఎముక మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. నడిపించి చూడడం వద్దు. డాక్టరు వచ్చి చూశాక ఎక్స్‌రే కావాలంటే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

దెబ్బ ఏదీ గుర్తులేదు, నాలుగైదు రోజులుగా మెల్లగా పెరిగింది, ముడితే తన్నబోతోంది

ఇది చీముగడ్డ కావచ్చు. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడండి, 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరమే. మెడ మీద ఇంజెక్షన్ చేసిన చోట ఇలాంటివి ఎక్కువ. దీనికి చల్లదనం పనికిరాదు, గోరువెచ్చని కాపడంతో పండనిచ్చి డాక్టరుతో తెరిపించాలి. వాపు దవడ కింద వచ్చి ముక్కు కారుతుంటే మిగతా గుర్రాలకు దూరంగా కట్టేయండి, బకెట్టు కూడా వేరు చేయండి, అది అంటుకునే జబ్బు కావచ్చు.

పొట్ట కింద వాపు, నొక్కితే వేలి గుంట అలాగే ఉండిపోతోంది

రొమ్ము మీద హెమటోమా ఉన్న గుర్రానికి రెండు మూడు రోజుల్లో నీరు కిందికి జారి పొట్ట కింద చేరుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. దెబ్బే లేకుండా వచ్చి, వచ్చిపోయే జ్వరం, బక్కచిక్కడం, చిగుళ్లు పాలిపోవడం కూడా ఉంటే సర్రా అనే నెత్తురు జబ్బు కావచ్చు, జోరీగల వల్ల వస్తుంది, నెత్తురు పరీక్ష చేయించాలి. ఇక నొక్కితే వాపు లోపలికి పోయి వదిలితే బయటికి వస్తోందంటే పేగు జారి ఉండొచ్చు. దాన్ని కోశారంటే కోసేది పేగునే.

రెండు మూడు రోజులైంది, వాపు పెరగట్లేదు, కానీ తగ్గట్లేదు కూడా

ఇక్కడే అందరి ఓపిక అయిపోతుంది. తగ్గకపోవడం మామూలే, చిన్న వాపు రెండు మూడు వారాలు, పెద్దది అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది, మధ్యలో గట్టిపడి ముద్దలా తగులుతుంది. ఇప్పుడు గోరువెచ్చని తడిగుడ్డ కాపడం రోజుకు రెండు పూటలా పెట్టొచ్చు, పొద్దున సాయంత్రం తాడు పట్టుకుని పది నిమిషాలు నడిపించొచ్చు. పరుగు, సవారీ వద్దు.

పని లేకుండా కట్టేసిన గుర్రానికి ఉలవలు, శనగలు, తవుడు మామూలుగానే పెడితే కడుపునొప్పో గిట్టల వాపో కొత్తగా తెచ్చుకున్నట్టే. దాణా సగానికి పైగా తగ్గించి గడ్డి, నీళ్లు మాత్రం ఎంత కావాలంటే అంత పెట్టండి.

నొప్పికి ఏమివ్వాలి?

మన మెడికల్ షాపులో దొరికేది ఏదీ ఇవ్వొద్దు. ఆస్పిరిన్ నెత్తురు గడ్డ కట్టనివ్వదు. డైక్లోఫెనాక్‌ను పశువుల వైద్యానికి 2006లోనే నిషేధించారు, అది వాడిన పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతుంటే. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టిన ఉత్తర తెలంగాణలో ఉంటూ, ఇంకా మనుషుల డైక్లోఫెనాక్ సూది తెచ్చి పొడిచేవాళ్లు ఉండడం నాకైతే చిరాకు. గుర్రానికి సరిపోయే మందును బరువు చూసి డాక్టరే రాస్తారు.

చర్మం గోరంత గీరుకున్నా ధనుర్వాతం టీకా సంగతి అడగండి, ఆ జబ్బు గుర్రాలకు పట్టినంత తేలిగ్గా వేరే పశువులకు పట్టదు. గాయం చుట్టూ వేపనూనె రాస్తే ఈగలు కొంత ఆగుతాయి, పురుగులు కనబడితే మాత్రం సొంత వైద్యం వద్దు.

అంతా తగ్గింది, గట్టి ముద్ద మిగిలిపోయింది

లోపల కట్టిన మచ్చ అది. నొప్పి లేకుండా, పెరగకుండా ఉంటే అందం తక్కువే తప్ప పనికి అడ్డం కాదు. రొమ్ము పట్టీ దాని మీదే ఒరుసుకుంటుంటే మెత్తటి గుడ్డ వేయండి, లేదా బరాత్ అలంకారంలో ఆ పట్టీ తీసేయండి. తన్నే గుర్రాన్ని వేరే కొట్టంలో కట్టండి, జాగా లేకపోతే కనీసం దాని వెనక కాళ్ల లాడాలు ఊడదీయించండి.