తుఫాను రోజుల్లో రీఫ్ ట్యాంకు: కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చినప్పుడు జాగ్రత్త

పోయిన వారం విజయనగరం కొత్తపేటలో మాకు బావమరిది వరసయ్యే కుర్రాడి ట్యాంకు మొత్తం పోయింది. నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే ఇంట్లో ఉప్పునీళ్ళలో పగడాలు, సముద్రపు చేపలు పెంచే గాజు తొట్టి. మూడేళ్ళ పెంపకం. ఈదురుగాలికి ఎక్కడో చెట్టు కూలి రాత్రి 9 గంటల సేపు కరెంటు లేదు. అంతసేపూ వాడు నిద్రపోలేదు. మగ్గుతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ కూర్చున్నాడు. చేపలన్నీ బతికే ఉన్నాయి. తెల్లవారుజామున కరెంటొచ్చింది, హమ్మయ్య అని పడుకున్నాడు. ఎనిమిదింటికి నాకు ఫోను. "కరెంటొచ్చీసిందని పడుకున్నాను బావా, లేచి చూసీసరికి అన్నీ తేలిపోనాయి."

"ఫిల్టరు ప్లగ్గు పీకేవా?" అని అడిగాను. పీకలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చేసిన తప్పూ ఇదే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన తర్వాత అటువైపు మిత్రుడొకాయన చేసిందీ ఇదే. మళ్ళీ అక్టోబరు వస్తోంది కాబట్టి రాస్తున్నాను. రోజూ నీళ్ళు పరీక్షించుకోండి, మేత తగ్గించండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

కానిస్టర్ ఫిల్టరంటే మూత బిగించిన డబ్బా. అందులో స్పాంజీల మీద, సిరామిక్ రింగుల మీద కోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. చేపల మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియాని అవి నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ పనికి వాటికి ఆక్సిజన్ కావాలి. పంపు ఆగితే డబ్బాలోకి కొత్త నీరు రాదు, ఉన్న ఆక్సిజన్ కొద్దిసేపట్లో అయిపోతుంది. బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది, స్పాంజీలో పట్టిన మడ్డి కుళ్ళుతుంది, అమ్మోనియా పేరుకుంటుంది. ఇంకా ఆలస్యమైతే కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడుతుంది. ఇదంతా మూసిన డబ్బాలో జరుగుతుంది, బయటికి ఏమీ కనబడదు. కరెంటు రాగానే పంపు దానంతటదే తిరిగి ఆ విషాన్నంతా ఒక్కసారిగా ట్యాంకులోకి కక్కుతుంది. అప్పటికే చేపలు ఊపిరందక నీరసపడి ఉంటాయి. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ఎక్కువ. మంచినీటి ట్యాంకులో తట్టుకునే మోతాదు ఇక్కడ చంపేస్తుంది.

అందుకే కరెంటు పోగానే మొట్టమొదట చేయాల్సింది ఫిల్టరు ప్లగ్గు పీకడం. టార్చి వెతకడం తర్వాత. స్విచ్ ఆపడం కాదు, పీకడం. స్విచ్ సంగతి మరిచిపోయి ఎవరో ఒకరు వేస్తారు.

కరెంటొచ్చాక కూడా వెంటనే పెట్టకండి. ఆగి రెండు గంటలు దాటిందంటే డబ్బా విప్పండి, లోపలి నీళ్ళు సింకులో పారబోయండి. స్పాంజీలు, రింగులు ట్యాంకులోంచి తీసిన ఉప్పునీళ్ళతోనే బకెట్లో జాడించండి. కుళాయి నీళ్ళతో కడిగితే అందులోని క్లోరిన్ మిగిలిన బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. గుడ్ల కంపు వస్తుంటే ఆ స్పాంజీలు పారేయండి. ఫిల్టరు రెండు రోజులు లేకపోయినా కొంప మునగదు. ట్యాంకులో లైవ్ రాక్ (సూక్ష్మజీవులు కాపురమున్న సముద్రపు రాయి) ఉంది కదా, దాని రంధ్రాల్లోనూ అదే బ్యాక్టీరియా ఉంది. నీళ్ళు కదులుతూ ఉంటే అదే నెట్టుకొస్తుంది.

నీళ్ళు కదలాలి, అదే ఇక రెండో సంగతి. ఒకే వేడి దగ్గర మంచినీటికన్నా ఉప్పునీటిలో కరిగే ఆక్సిజన్ దాదాపు ఐదోవంతు తక్కువ. పూసపాటిరేగ వైపు రొయ్యల రైతులని అడగండి, రాత్రి ఏరేటర్లు ఆగితే ఎంతసేపట్లో రొయ్య తేలుతుందో చెబుతారు. జనరేటర్ లేకుండా వాళ్ళు చెరువు వెయ్యరు. మనకి జనరేటర్ అక్కర్లేదు, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి చాలు. ఇన్వర్టరుంటే 15 వాట్ల వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళని కదిలించే చిన్న పంపు) ఒక్కటే దానికి కలపండి. 150 ఏహెచ్ బ్యాటరీ మీద అదొక్కటే అయితే రోజు దాటి వస్తుంది. ఫ్యాను, టీవీ, ట్యాంకు లైట్లు అన్నీ దానిమీదే వేసి సాయంత్రానికి బ్యాటరీ అయిపోయిందని ఏడవకండి.

మిగతావి గుర్తొచ్చినట్టు చెబుతాను.

తుఫాను హెచ్చరిక రాగానే ఆర్వో నీళ్ళతో ఉప్పునీళ్ళు కలిపి 40 లీటర్లయినా మూతపెట్టి ఉంచండి. లవణీయత వెయ్యికి 35 వంతులు ఉండాలి, అంటే మంచినీటితో పోలిస్తే సాంద్రత 1.026.

వాన వెలిశాక కళింగపట్నం బీచికి డబ్బాలు పట్టుకుని పోకండి. వంశధార వరదంతా అక్కడే సముద్రంలో కలుస్తోంది. అది సముద్రపు నీరు కాదు, పొలాల ఎరువులు కలిసిన బురద. కోనాడ దగ్గర చంపావతి, కళ్ళేపల్లి దగ్గర నాగావళి కూడా అంతే.

ఆవిరైన నీటికి బదులు మంచినీళ్ళే పోయాలి. ఉప్పు ఆవిరవదు.

సంప్ (ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి) ఉన్నవాళ్ళు ముందే ఒకసారి పంపు ఆపి చూడండి, పైనుంచి దిగిన నీళ్ళు సంప్‌లో పడతాయో, హాల్లోకి పొర్లుతాయో.

కరెంటు లేనంతసేపూ మేత వెయ్యకండి. ఆకలితో చావవు.

దోమల స్ప్రే కొట్టకండి. గాలి పంపు గదిలో గాలిని తీసుకెళ్ళి నేరుగా నీళ్ళలో కలుపుతుంది. సాంబ్రాణి పొగా వద్దు, ఫినాయిలూ వద్దు.

కరెంటొచ్చాక అమ్మోనియా టెస్టు చెయ్యండి. సున్నా కాకపోతే పావువంతు నీళ్ళు మార్చండి, మర్నాడు మళ్ళీ పావువంతు. మొత్తం నీళ్ళు ఒకేసారి మార్చకండి.

చచ్చినదాన్ని వెంటనే తియ్యండి. ఒక్క నత్త రాయి కింద కుళ్ళినా చాలు.

రాళ్ళని వేణ్ణీళ్ళలో వేసి శుభ్రం చెయ్యకండి. జోయాంథిడ్లు (పగడాల జాతికి దగ్గరి మెత్తటి జీవులు) అతుక్కుని ఉంటే వాటిలోని పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో లేచి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేస్తుంది.

తడి చేత్తో ప్లగ్గులు ముట్టుకోకండి. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి పైకి వెళ్ళాలి, అప్పుడు నీటి చుక్క నేలమీద పడుతుంది.

ప్లగ్గు పీకండి. మళ్ళీ చెబుతున్నా, ఫిల్టరు ప్లగ్గు పీకండి.

ఆ ప్లగ్గుకి ఎర్ర టేపు చుట్టి, మీరు ఊళ్ళో లేకపోతే ఎవరు పీకాలో ఇంట్లో చెప్పి ఉంచండి. మా అమ్మకి ట్యాంకులో ఒక్క చేప పేరూ తెలీదు, అన్నిటినీ బొమ్మిడాయిలే అంటుంది. ఎర్ర టేపు మాత్రం తెలుసు.