జామకాయా, తోటకూరా? పోషకాల లెక్క ఇలా వేయండి

జామకాయ మంచిదా, తోటకూర మంచిదా అని అడిగితే చెప్పడానికేమీ ఉండదు. దేనికి మంచిది అని అడిగితే లెక్క మొదలవుతుంది. అందుకని కాగితం మీద ముందు రాయాల్సింది పండు పేరో కూర పేరో కాదు, మీకు కావాల్సిన పోషకం పేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కాబట్టి ఇక్కడ ఇనుముకే పెద్దపీట వేసి, పక్కన విటమిన్ సి, కాల్షియం, పీచు చూద్దాం. నాలుగు చాలు. ఇరవై పోషకాలు వరుసగా రాసుకుంటే ఒక్కో గడిలో ఒక్కోటి గెలుస్తుంది, చివరికి ఏమీ తేలదు.

ముందు పట్టిక

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పదార్థాల పట్టికలో 528 రకాల వివరాలున్నాయి. రెండింటి అంకెలూ అందులోంచే తీసుకోండి. తినే భాగం 100 గ్రాములకు సుమారుగా:

తెల్ల జామ: ఇనుము 0.3 మి.గ్రా., విటమిన్ సి 214 మి.గ్రా., కాల్షియం 18 మి.గ్రా., పీచు 8.6 గ్రా.
పచ్చి తోటకూర ఆకు: ఇనుము 4.6 మి.గ్రా., విటమిన్ సి 84 మి.గ్రా., కాల్షియం 330 మి.గ్రా., పీచు 4.4 గ్రా.

ఒకదానికి ఒక పట్టిక, రెండోదానికి ఇంకో పట్టిక చూడకూడదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఇదే తోటకూరకు ఇనుము 2.3, కాల్షియం 215, విటమిన్ సి 43 మి.గ్రా. అని ఉంటుంది. ఇనుము, విటమిన్ సి దాదాపు సగం, కాల్షియం మూడింట రెండొంతులు. ఎవరూ తప్పు రాయలేదు. రకం, నేల, ఆకు ముదురు, పరీక్ష పద్ధతి మారితే అంకె మారుతుంది. పాత పుస్తకాలతో ఇంకో చిక్కుంది. వాటిలో లేత తోటకూరకు ఇనుము 25 మి.గ్రా. దాటి కనిపిస్తుంది. తర్వాత దాన్ని బాగా తగ్గించి సవరించారు. ఆకుకు మట్టి అంటుకుని ఉన్నా పరీక్షలో ఇనుము ఎక్కువే వస్తుంది. ‘ఆకుకూర తింటే రక్తం పట్టేస్తుంది’ అనే ధీమాకు ఆ పాత అంకెలు కొంత కారణం.

తూకం ఎప్పుడు వేయాలి

జామతో గొడవ లేదు. తొడిమ, అడుగున ఎండిన పువ్వు తీసేస్తే మిగతాదంతా తినేదే. తొక్క చెక్కేయకండి, విటమిన్ సి తొక్కలో, దాన్ని ఆనుకున్న గుజ్జులోనే ఎక్కువ. మరీ మగ్గి మెత్తబడిన కాయ కంటే పండి ఇంకా గట్టిగా ఉన్న కాయ మేలు.

తోటకూర కట్టను బజారు తూకంతో లెక్కలోకి తీసుకుంటే మోసపోతారు. వేళ్లు, ముదురు కాడలు పోగా మిగిలిందే ఆకు. కాడలు పులుసులో వేసుకున్నా సరే, ఆకు అంకెలు కాడకు అంటగట్టకూడదు. కడిగి, నీళ్లు ఓడ్చి, తుంచిన ఆకును పచ్చిగా ఉండగానే వంటింటి కాటా మీద పెట్టండి. వండాక తూచడమే అందరూ చేసే పొరపాటు. గిన్నెడు ఆకు వేగేసరికి గుప్పెడవుతుంది. ఆ గుప్పెడు బరువును పచ్చి ఆకు అంకెతో గుణిస్తే ఫలితం సగానికి సగం తగ్గిపోతుంది. పచ్చి ఆకు 400 గ్రాములు వండి నలుగురు తింటే తలా 100 గ్రాములు, అంతే.

లెక్క: పట్టికలోని అంకెను మీ గ్రాములతో గుణించి 100తో భాగించాలి. 150 గ్రాముల జామకాయ ఒకటి, 100 గ్రాముల తోటకూర అనుకుందాం.

జామలో ఇనుము 0.45 మి.గ్రా., విటమిన్ సి 321 మి.గ్రా., కాల్షియం 27 మి.గ్రా., పీచు దాదాపు 13 గ్రా. తోటకూరలో విటమిన్ సి తప్ప మిగతావి పట్టికలో ఉన్నట్టే. ఆకులోని విటమిన్ సి మంట మీద సుమారు సగం పోతుందనుకుని 42 మి.గ్రా. వేసుకోండి. ఉడికించి నీళ్లు వంచేస్తే అంతకన్నా ఎక్కువ పోతుంది, ఫోలేట్ అనే బి విటమిన్ కూడా ఆ నీళ్లతోనే వెళ్తుంది. తరిగాక కడిగినా అదే నష్టం. కడిగి తరగాలి, పప్పులోనో పులుసులోనో నీళ్లతో సహా తినాలి. చింతపండు పులుసు ఇనుప బాణలిలో కాస్తే బాణలి ఇనుము కూడా కొంత కూరలోకి దిగుతుంది. అది ఏ పట్టికలోనూ ఉండదు.

ఇక రోజువారీ అవసరంతో పోల్చండి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవయసు స్త్రీకి రోజుకు ఇనుము 29, విటమిన్ సి 65, కాల్షియం 1000 మి.గ్రా. కావాలి. ఈ లెక్కన రోజుకు కావాల్సిన ఇనుములో తోటకూర 16 శాతం ఇస్తే, జామ ఒకటిన్నర శాతం ఇస్తుంది. విటమిన్ సిలో జామ ఒక్కటే ఐదు రోజులకు సరిపడా ఇస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ఒంట్లో అది అలా నిలవుండదు. మిగిలింది మూత్రంలో పోతుంది.

ఒంటికి పట్టేదెంత

చాలామంది పోలిక పైన చెప్పిన చోటే ఆపేస్తారు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

తోటకూర కాల్షియం 330 చూసి మురిసిపోకండి. ఆకులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టుకుని వదలవు. పాల కాల్షియంలో సుమారు 30 శాతం ఒంటికి పడితే, ఇలాగే ఆక్సలేట్లు నిండిన పాలకూర నుంచి 5 శాతం పడుతుంది. అందుకని తోటకూరను కాల్షియం గడిలో గెలిపించకండి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు ఎంత తినాలో డాక్టర్‌ను అడగడం మంచిది.

ఇనుము కూడా అంతే. మన భోజనంలోని ఇనుములో సుమారు 8 శాతమే లోపలికి వెళ్తుందని వేసుకుంటే, తోటకూర ఇచ్చే 4.6 మి.గ్రా.లో దక్కేది 0.37. జామ తన 0.45 నుంచి ఇచ్చేది 0.04. ఇలా విడివిడిగా చూస్తే జామ లెక్కలోకే రాదు.

కానీ విటమిన్ సి పక్కన ఉంటే మొక్కల ఇనుము తేలిగ్గా కరిగి పేగుల్లోకి వెళ్తుంది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే యుక్తవయసు పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నం భోజనంతో జామ పెట్టినప్పుడు ఇనుము శోషణ రెండింతలైంది. తోటకూర భోజనానికీ అదే వర్తిస్తుందనుకుంటే (ఇది ఉజ్జాయింపే), 0.37 కాస్తా 0.74 అవుతుంది. పెరిగిన 0.37 ఎవరి ఖాతాలో వేయాలి? మా దృష్టిలో జామ ఖాతాలోనే. సొంత ఇనుము 0.04 మాత్రమే ఉన్న కాయ, అదే విస్తట్లోని తోటకూర ఇనుమును అంతగా లాగుతుంది.

అందుకే జామను సాయంత్రం నాలుగింటికి విడిగా తింటే తోటకూరకు ఉపయోగం లేదు. అదే భోజనంలో ఉండాలి. సగం కాయ, అంటే 75 గ్రాములు, చాలు. విటమిన్ సి 160 మి.గ్రా. వస్తుంది. తినబోయే ముందే కోయండి, కోసిన ముక్కలు గాలికి ఉంటే విటమిన్ సి తగ్గడం మొదలవుతుంది. ఉప్పూకారం మీ ఇష్టం. భోజనం కాగానే టీ మాత్రం వద్దు, అందులోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి. కనీసం గంట ఆగాలి.

ఫోన్లలో తిరిగే ‘మునగాకులో పాలకంటే 17 రెట్లు కాల్షియం’ లాంటి పోలికల్లో ఉండే కిటుకు ఒకటి చూసుకోండి. 100 గ్రాముల ఎండు ఆకు పొడిని 100 గ్రాముల పాలతో పోలుస్తారు. పాలు గ్లాసుడు తాగుతాం, పొడి చెంచాడు, సుమారు 5 గ్రాములు తింటాం. ఎండినదాన్ని ఎండినదానితో, పచ్చిదాన్ని పచ్చిదానితోనే పోల్చాలి.

జామ దొరకని రోజున నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుందా? ఒక కాయ రసంలో విటమిన్ సి 10–15 మి.గ్రా. మించదు. వాడుకోవచ్చు, అయితే కూర పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి. పచ్చి ఉసిరికాయ దొరికితే ఒకటి రెండు చాలు, అది జామకు ఏమాత్రం తీసిపోదు.